గాలి పాఠం తిరగరాయండి: పాఠ్యపుస్తక రచయితలకు ఒక బహిరంగ లేఖ

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా సామాన్యశాస్త్రం పుస్తకాలు రాసే, సరిచూసే పెద్దలకు,



"గాలి ధర్మములను వ్రాయుము" అన్న ప్రశ్నకు జవాబు బడికి వెళ్ళినవాళ్ళందరికీ వచ్చు. గాలికి రంగు, రుచి, వాసన లేవు. గాలి స్థలాన్ని ఆక్రమిస్తుంది. గాలికి బరువు ఉంది. గాలి పీడనాన్ని కలిగిస్తుంది. నాలుగు వాక్యాలు, నాలుగు మార్కులు. మా తరం ఇలాగే రాసింది, మా తరవాతివాళ్ళూ ఇలాగే రాస్తున్నారు. నాలుగూ నిజాలే. కానీ గాలికి బరువుందని రాసి మార్కు తెచ్చుకున్న పిల్లవాణ్ణి "ఈ గదిలో ఉన్న గాలి ఎంత బరువుంటుందిరా?" అని అడిగి చూడండి. పది గ్రాములంటాడు. కాస్త ధైర్యమున్నవాడు కిలో అంటాడు. ఇరవై అడుగుల పొడవు, అంతే వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న తరగతి గదిలో గాలి సుమారు 130 కిలోలు తూగుతుంది. ఆ మాట చెబితే పిల్లలే కాదు, పెద్దవాళ్ళూ నమ్మరు. నమ్మించడానికి పెద్ద లెక్కేమీ అక్కర్లేదు. సముద్రమట్టం దగ్గర, 30 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి 1.16 కిలోలు. గది సుమారు 113 ఘనపు మీటర్లు. గుణించడమే. ఆ గుణకారం ఏడో తరగతికి వచ్చేసరికి అందరికీ వచ్చు. వాళ్ళ చేత చేయించాలన్న ఆలోచనే మనకు రాలేదు.

ఈ లేఖలో నేను అడుగుతున్నది ఒక్కటే. గాలి పాఠంలో పిల్లవాడు నమ్మాల్సినవి తగ్గించండి, కొలవాల్సినవి పెంచండి. అంతకంటే ముందు, జవాబు సరిగ్గా వచ్చి కారణం తప్పుగా ఉన్న ప్రయోగాలను తీసేయండి. ఇవి ఏదో ఒక పుస్తకంలోని అచ్చుతప్పులు కావు. అనేక దేశాల బడుల్లో, తరతరాలుగా, ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకంలోకి ఎక్కుతూ వచ్చినవి. కాబట్టి ఎవరినీ నిందించడం నా ఉద్దేశం కాదు.

మొదట పుల్ల మీద బుడగల సంగతి చూద్దాం. ఒక పుల్లకు మధ్యలో దారం కట్టి, రెండు చివర్లా రెండు ఊదిన బుడగలు వేలాడదీసి, ఒకదాన్ని గుండుసూదితో పొడుస్తాం. పగిలిన వైపు పైకి లేస్తుంది. గాలికి బరువుందని రుజువైపోయింది, చప్పట్లు. ఇప్పుడు ఇంకో పని చేసి చూడండి. పెద్ద పాలిథిన్ కవర్‌ను గాలి లేకుండా మడిచి ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి తూచండి. తరవాత దాన్నే గాలిలో ఆడించి, నిండా గాలి పట్టించి, మూతి కట్టి మళ్ళీ తూచండి. అంకె మారదు. ఐదు లీటర్ల గాలి లోపలికి వచ్చింది. అంటే దాదాపు ఆరు గ్రాములు పెరగాలి. ఏమీ పెరగలేదు. ఏ రుజువు నమ్మాలి?

పిల్లవాడు ఈ ప్రశ్న అడిగితే మన పాఠం దగ్గర జవాబు లేదు. కారణం మనం గాలిలోనే మునిగి ఉండటం. బావిలో చేద నీళ్ళలో ఉన్నంతసేపు తోడేవాడి చేతికి నీళ్ళ బరువు తెలియదు, నీటిమట్టం దాటి పైకి వచ్చాకే తాడు లాగుతుంది. కవర్‌లోని గాలి పరిస్థితీ అదే. అది ఎంత గాలిని పక్కకు నెట్టిందో అంత బలంతో చుట్టూ ఉన్న గాలి దాన్ని పైకి తోస్తుంది. లోపలి గాలి, బయటి గాలి ఒకే చిక్కదనంతో ఉంటే కాటాకు తేడా ఏమీ తెలియదు. ఊదిన బుడగలో మాత్రం రబ్బరు బిగువు వల్ల గాలి కాస్త నొక్కుకుని ఉంటుంది. ఆ అదనం రెండు మూడు శాతం. మూడు లీటర్ల బుడగలో గాలి మూడున్నర గ్రాములు ఉన్నా, పుల్ల వాలేది ఆ అదనపు పదోవంతు గ్రాము వల్లే. మనం చూపించినది గాలి బరువును కాదు, నొక్కిన గాలికీ నొక్కని గాలికీ ఉన్న తేడాను. అదీ పుల్ల వాలిందో లేదో కళ్ళు చికిలించి చూడాల్సినంత తేడా. పైగా చాలాసార్లు పగిలిన బుడగ ముక్కలు ఎగిరిపోయి, ఆ రబ్బరు బరువే త్రాసును వాల్చేస్తుంది.

గెలీలియో ఈ చిక్కును దాటిన తీరు చాలా తేలికైనది. 1638లో అచ్చయిన తన చివరి పెద్ద పుస్తకంలో దాన్ని వివరించాడు. గాజు సీసా మూతికి తోలు బిగించి, పిచికారీతో లోపలికి అదనంగా గాలి కుక్కాడు. త్రాసులో ఇసుక పోసి తూచాడు. తరవాత అదనపు గాలిని వదిలేసి మళ్ళీ తూచాడు. తగ్గిన ఇసుక అదనపు గాలి బరువు. ఆ అదనం ఎంత చోటు పట్టేదో నీళ్ళను తోయించి కొలిచాడు. నీరు గాలికంటే 400 రెట్లు బరువని తేల్చాడు. అసలు లెక్క 800 రెట్ల పైమాటే. సగానికి సగం తప్పు అనిపించవచ్చు. కానీ గాలి బరువుకు ఒక అంకె వేయడానికి అప్పటికి దొరికే సరంజామా అదే. దారి మాత్రం తప్పు కాదు.

మన బడుల్లో గెలీలియో సీసాకు బదులు ఫుట్‌బాల్ ఉంది. అందులో సుమారు ఐదు లీటర్ల చోటు ఉంటుంది. బంతి దొర్లకుండా కాటా మీద చిన్న గిన్నె పెట్టి, మెత్తగా ఉన్న బంతిని తూచండి. పంపుతో గట్టిగా గాలి కొట్టి మళ్ళీ తూచండి. నాలుగైదు గ్రాములు పెరుగుతుంది. వంటింట్లో వాడే ఎలక్ట్రానిక్ కాటా కూడా ఒక గ్రాము తేడాను చూపిస్తుంది కాబట్టి వెనక బెంచీవాడికి కూడా అంకె కనబడుతుంది. తరవాత బకెట్ నీళ్ళలో నీళ్ళు నింపిన లీటరు సీసాలను బోర్లించి, బంతిలోని అదనపు గాలిని సన్నటి గొట్టంతో ఆ సీసాల్లోకి వదలండి. ఎన్ని సీసాలు ఖాళీ అయితే అన్ని లీటర్లు. బంతిని మళ్ళీ తూచి, తగ్గిన గ్రాములను ఆ లీటర్లతో భాగిస్తే గాలి సాంద్రత పిల్లవాడి చేతిలో ఉంటుంది. లీటరుకు 1.2 గ్రాములు రావాలి. ఒకడికి 0.9 వస్తుంది, ఇంకొకడికి 1.4 వస్తుంది. ఎందుకు తేడా వచ్చిందని తరగతిలో జరిగే తగాదా ఉంది చూశారూ, దాన్ని సైన్సు అనొచ్చు.

ఇంతకంటే మొండిది కొవ్వొత్తి ప్రయోగం. పళ్ళెంలో రంగునీళ్ళు, మధ్యలో వెలుగుతున్న కొవ్వొత్తి, మీద బోర్లించిన గాజుగ్లాసు. కొవ్వొత్తి ఆరిపోతుంది, నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. కొవ్వొత్తి ఆక్సిజన్‌ను వాడేసింది, ఖాళీ అయిన చోటులోకి నీళ్ళు వచ్చాయి, ఎక్కిన నీళ్ళు ఐదో వంతు, కాబట్టి గాలిలో ఆక్సిజన్ ఐదో వంతు. చెప్పడానికి ఎంత బాగుందో! ఈ ప్రయోగాన్ని రెండు వేల సంవత్సరాలకు ముందే బైజాంటియం ఫైలో అనే గ్రీకు శాస్త్రవేత్త రాసిపెట్టాడు. అంతకాలం నిలిచిందంటే అందులో ఆకర్షణ ఉంది. వివరణ మాత్రం అబద్ధం.

ఆరో తరగతి పిల్ల కళ్ళు తెరుచుకుని చూస్తే చాలు, అబద్ధం బయటపడుతుంది. నీళ్ళు ఎప్పుడు ఎక్కుతున్నాయి? కొవ్వొత్తి ఆక్సిజన్‌ను తింటున్నంతసేపు నెమ్మదిగా ఎక్కుతూ ఉండాలి కదా. అలా జరగదు. మంట ఉన్నంతసేపు నీళ్ళు దాదాపు కదలవు. మంట ఆరగానే ఒక్కసారిగా ఎక్కుతాయి. రెండోది, గ్లాసు బోర్లిస్తున్నప్పుడు అంచు దగ్గర చూడండి. చాలాసార్లు బుడగలు బయటికి పోతూ కనిపిస్తాయి. మూడోది, ఒక కొవ్వొత్తికి బదులు మూడు పెట్టండి. నీళ్ళు ఇంకా పైకి ఎక్కుతాయి. గ్లాసు అదే, అందులో ఆక్సిజన్ అంతే. మూడు కొవ్వొత్తులు పెడితే గాలిలో ఆక్సిజన్ వాటా పెరుగుతుందా?

జరిగేది వేరు. మంట గ్లాసులోని గాలిని వేడి చేస్తుంది. వేడెక్కిన గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, లోపలి పీడనం తగ్గుతుంది, బయటి గాలి పళ్ళెంలోని నీళ్ళను నొక్కి లోపలికి తోస్తుంది. ఇక ఆక్సిజన్ విషయానికొస్తే, అది మాయం కాదు. మైనం మండినప్పుడు మూడు ఆక్సిజన్ అణువులు పోతే సుమారుగా రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులు, రెండు నీటి ఆవిరి అణువులు పుడతాయి. ఆవిరి గాజు మీద చెమ్మగా మారిందనుకున్నా రెండు వాయువుగానే మిగులుతాయి. కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కరుగుతుందంటారు, నిజమే కానీ ఆ కొద్ది సెకన్లలో కాదు. పైగా కొవ్వొత్తి ఆక్సిజన్‌ను పూర్తిగా వాడుకోలేదు కూడా. 21 శాతం ఉన్నది 16 శాతం దగ్గరికి పడిపోయేసరికే మంట ఆరిపోతుంది. ఉన్నదాంట్లో ముప్పాతిక వంతు గ్లాసులోనే ఉండిపోతుంది.

ఐదో వంతు అన్న జవాబు నిజమే కావడం ఇక్కడి ప్రమాదం. అంకె ముందే తెలుసు కాబట్టి నీళ్ళు ఎంత ఎక్కినా అది ఐదో వంతులాగే కనబడుతుంది. ఎక్కువ ఎక్కితే గ్లాసు మార్చి చూపిస్తాం, తక్కువ ఎక్కితే "సుమారుగా" అంటాం. చూసినదాన్ని పుస్తకానికి సరిపోయేలా దిద్దుకోవడం పిల్లవాడు అక్కడే నేర్చుకుంటాడు. గాలి గురించి ఏం నేర్చుకున్నా నేర్చుకోకపోయినా ఇది మాత్రం గట్టిగా ఒంటబడుతుంది.

నిజంగా ఐదో వంతును కొలవాలంటే నిప్పు అక్కర్లేదు, ఓపిక కావాలి. పొడవాటి పరీక్షనాళిక లోపలి గోడను తడిపి ఇనుప రజను చల్లండి. బోర్లించి నీళ్ళ గిన్నెలో నిలబెట్టండి. రెండు మూడు రోజులు వదిలేయండి. ఇనుము తుప్పు పడుతూ ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, వాయువుగా ఏదీ తిరిగి ఇవ్వదు. వేడి లేదు కాబట్టి వ్యాకోచం గొడవ లేదు. నీళ్ళు మెల్లగా ఎక్కి ఐదో వంతు దగ్గర ఆగిపోతాయి. నాలుగో రోజు చూసినా అక్కడే ఉంటాయి. గిన్నెలు తోమే స్టీలు పీచుతో ఈ పని జరగదు, అది తుప్పు పట్టదు. లేతు మిషన్ షాపుల్లో ఇనుప రజను ఊరికే ఇస్తారు, నూనె అంటుకుని ఉంటే కడుక్కోవాలి. కొవ్వొత్తి ప్రయోగాన్ని కూడా పూర్తిగా పారేయమని అనడం లేదు. దాన్ని ఉంచి, కింద వివరణ తీసేసి, "నీళ్ళు ఎప్పుడు ఎక్కాయి? మూడు కొవ్వొత్తులతో ఏమైంది?" అని అడగండి. వేడికి గాలి వ్యాకోచిస్తుందని చూపడానికి అంతకంటే మంచి ప్రయోగం లేదు.

ఇక పీడనం. ఇక్కడ మన పాఠాల్లో తప్పు తక్కువ, పేదరికం ఎక్కువ. గ్లాసు నిండా నీళ్ళు పోసి అట్ట పెట్టి బోర్లించడం చూపిస్తాం, అది మంచిదే. కానీ చదరపు సెంటీమీటరు మీద గాలి ఒక కిలో బరువుతో నొక్కుతోందని, అంటే బల్ల మీద పరిచిన ఒక ఎ4 కాగితం మీద 640 కిలోల నొక్కుడు ఉందని చెప్పం. కింది నుంచి అంతే తోస్తోంది కాబట్టి కాగితానికి ఏమీ కాలేదని అక్కడే తేలుతుంది. "గాలి అన్ని దిక్కులకూ పీడనం కలిగిస్తుంది" అన్న వాక్యానికి అప్పుడు అర్థం వస్తుంది. ఆ లెక్క లేకుండా ఆ వాక్యం ఒట్టి బట్టీ.

పీడనానికి మన ఊళ్ళలోనే ఒక గొప్ప ఉదాహరణ పడి ఉంది. దాన్ని ఎందుకు వాడుకోరో నాకు అర్థం కాదు. వ్యవసాయ బావుల మీద మోటార్లు పెట్టుకున్న రోజుల్లో నీటిమట్టం పడిపోతున్న కొద్దీ రైతు మోటారును గట్టు మీది నుంచి బావిలోకి దించేవాడు. బావి లోపల దిమ్మె కట్టి దాని మీద కూర్చోబెట్టేవాడు. నీళ్ళు ఇంకా లోతుకు పోతే ఇంకా కిందికి. మోటారు ఎన్ని హార్స్‌పవర్లదైనా సరే, పాతిక అడుగులకు మించి కింద ఉన్న నీళ్ళను గట్టు మీద నుంచి లాగలేదని అనుభవం మీద అతనికి తెలుసు. ఎందుకు లాగలేదు? మోటారు నీళ్ళను లాగదు కాబట్టి. అది పైపులోని పీడనాన్ని తగ్గిస్తుంది, అంతే. పైకి తోసేది బావి నీళ్ళ మీద కూర్చున్న గాలి. ఆ గాలి బలం 10.3 మీటర్ల నీటి స్తంభాన్ని నిలపడం దగ్గర అయిపోతుంది. పైపులో రాపిడి, ఫుట్‌వాల్వు, ఆవిరి అన్నీ పోను ఆచరణలో మిగిలేది ఏడెనిమిది మీటర్లు. ఊళ్ళో ఇండియా మార్క్ 2 బోరింగు ఎంతో లోతు నుంచి నీళ్ళు ఎలా ఇస్తోంది మరి అని పిల్లవాడు అడుగుతాడు. అడగాలి. దాని ముషలకం పైన హ్యాండిల్ దగ్గర లేదు, కింద నీళ్ళలో మునిగి ఉంది. ఇనుప కడ్డీలతో దాన్ని పైకీ కిందికీ ఆడిస్తున్నాం, అది నీళ్ళను ఎత్తుతోంది. సబ్‌మెర్సిబుల్ మోటారు కూడా అందుకే బోరు అడుగున ఉంటుంది, కింద ఉండి పైకి తోస్తుంది. కొబ్బరిబొండాంలో స్ట్రా పెట్టి తాగే పిల్లవాడి నుంచి వందల అడుగుల బోరు దాకా ఒకే పాఠం. రాయలసీమలోనో మహబూబ్‌నగర్‌లోనో చదివే పిల్లలకు ఇంట్లో రోజూ వినిపించే మాటలు ఇవి. పదిహేడో శతాబ్దంలో ఇటలీలో బావుల పంపులు పది మీటర్ల దగ్గర మొరాయించడమే ఈ కథకు మొదలు. ఆ చిక్కు గెలీలియోను తికమకపెట్టింది. అదే దేశపు శాస్త్రవేత్త టారిసెల్లి నీళ్ళకు బదులు పాదరసం తీసుకుని, స్తంభం ఎత్తును 76 సెంటీమీటర్లకు దించి, కారణం బయట ఉన్న గాలి బరువని 1644 జూన్‌లో రోములోని స్నేహితుడికి లేఖ రాశాడు.

టారిసెల్లి చెప్పింది నిజమైతే కొండెక్కితే పాదరసం తగ్గాలి. ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ పారిస్‌లో ఉండి, ఆ పనిని తన బావగారు పెరియేకు అప్పగించాడు. పెరియే 1648 సెప్టెంబరు 19న ప్యూయీ ద డోమ్ అనే కొండెక్కి చూశాడు. పాదరసం సుమారు 8 సెంటీమీటర్లు తగ్గింది. ఆ కొండ శిఖరం కింద ఉన్న ఊరికి సుమారు వెయ్యి మీటర్ల పైన ఉంటుంది. మన అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్లు. విశాఖ నుంచి అరకు వెళ్ళే రైల్లో చిప్స్ పాకెట్ ఉబ్బి గట్టిపడటం పిల్లలు చూసే ఉంటారు. బయట పీడనం పదో వంతు తగ్గింది, లోపలి గాలి కట్టేసి ఉంది. పెరియే చేసిన ప్రయోగం ఐదు రూపాయల పాకెట్‌లో జరుగుతోంది. కొన్ని ఫోన్లలో పీడనం కొలిచే సెన్సర్ ఉంటుంది. మాస్టారి ఫోన్‌లో ఉంటే మూడంతస్తుల మెట్లెక్కినా ఒక హెక్టోపాస్కల్ తగ్గడం కనబడుతుంది.

అల్పపీడనం, వాయుగుండం, తుపాను. బంగాళాఖాతం పక్కన పుట్టిన పిల్లలకు ఇవి అక్షరాలు రాకముందే వచ్చే మాటలు. ఓడరేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో చేపలు పట్టేవాళ్ళ పిల్లలకు చెప్పనక్కర్లేదు. పీడనం పాఠంలో తుపానుకు చోటుండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకినప్పుడు దాని కేంద్రంలో పీడనం 950 హెక్టోపాస్కళ్ళ దాకా పడిపోయింది. చుట్టుపక్కల మామూలుగా 1010 దగ్గర ఉంటుంది. తేడా ఆరు శాతం. ఆ ఆరు శాతం తేడాకే గాలి గంటకు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. నేరుగా కేంద్రంలోకి పరుగెత్తాల్సిన గాలి భూమి తిరగడం వల్ల పక్కకు మళ్ళి సుడి తిరుగుతుంది. ఆ సంగతి పెద్ద తరగతులకు వదిలేయవచ్చు.

ఇక్కడ పిల్లల ముందు పెట్టాల్సిన ప్రశ్న ఒకటుంది. నాకు తెలిసి గాలి గురించి ఇంతకంటే మంచి ప్రశ్న లేదు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ ఎండ కాస్తున్న మామూలు రోజున కూడా గాలి పీడనం 950 హెక్టోపాస్కళ్ళ దగ్గరే. హుద్‌హుద్ కడుపులో ఎంతో చార్మినార్ దగ్గర రోజూ అంతే. మరి హైదరాబాద్‌లో రోజూ తుపాను ఎందుకు రాదు? తరగతిని ఒక పూటంతా దీని మీద కొట్టుకోనివ్వండి. పీడనం తక్కువగా ఉండటం వల్ల కాదు, ఒకే ఎత్తులో పక్కపక్కన తేడా ఉండటం వల్ల గాలి కదులుతుందని చివరికి వాళ్ళే పట్టుకుంటారు. హైదరాబాద్ చుట్టూ అదే ఎత్తున ఉన్న ఊళ్ళన్నిటా పీడనం దాదాపు అంతే. వార్తల్లో హైదరాబాద్‌కు కూడా 1010 అని చెబుతారే అని ఎవరైనా తెలివైన పిల్ల అడిగితే, ఊళ్ళను పోల్చడానికి వీలుగా అందరి లెక్కనూ సముద్రమట్టానికి దించి చెబుతారని చెప్పండి. అలా దించకపోతే వాతావరణ పటంలో ప్రతి కొండా ఒక తుపానులా కనబడుతుంది.

తుపాను మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సముద్రం సుమారు ఒక సెంటీమీటరు పైకి లేస్తుంది. అరవై తగ్గితే అరవై సెంటీమీటర్లు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మీటర్లలో లెక్క. ఆ మీటర్లలో చాలా భాగం గాలి తోసుకొచ్చిన నీళ్ళు. పదివేలమందికి పైగా పోయారు. గాలి బరువు, గాలి కదలిక అంటే ఏమిటో చెప్పడానికి కృష్ణా జిల్లా పిల్లలకు, గాలి తీసేసిన రెండు అర్ధగోళాలను గుర్రాలు చెరోవైపు లాగే మాగ్డెబర్గ్ బొమ్మ ఒక్కటే చూపిస్తే సరిపోదు. గుర్రాలు బాగానే లాగాయి, ఆ బొమ్మ ఉండనివ్వండి.

తేమ గాలి గురించి కూడా ఒక పేరా కావాలి. మే నెలలో విజయవాడలో ఉక్కపోతకు "గాలి బరువెక్కింది" అంటాం. తూస్తే ఉల్టా. నీటి అణువు నైట్రోజన్ అణువుకంటే, ఆక్సిజన్ అణువుకంటే తేలిక. 18 ఎక్కడ, 28, 32 ఎక్కడ. ఒకే వేడిలో, ఒకే పీడనం దగ్గర తేమ గాలి పొడి గాలికంటే కొద్దిగా తేలికగానే ఉంటుంది. మనకు బరువనిపించేది చెమట ఆరకపోవడం. ఒంటికి తోచింది ఒకటి, కాటా చెప్పేది ఇంకొకటి అని తెలియడానికి ఇదొక మంచి చోటు.

ఎత్తుకు పోయేకొద్దీ పీడనం పడిపోతుందని చూపే ఉదాహరణ ఇంకొకటి కూడా మన దగ్గరే ఉంది. హైదరాబాద్‌లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉంది. పల్చటి పాలిథిన్‌తో చేసిన పెద్ద బెలూన్లను హైడ్రోజన్‌తో నింపి అక్కడి నుంచి వదులుతారు. నేల మీద నుంచి లేచేటప్పుడు వాటిలో పై కొస మాత్రమే ఉబ్బి ఉంటుంది, మిగతాదంతా ముడుచుకుని వేలాడుతుంది. నింపడం చేతకాక కాదు. ముప్పై కిలోమీటర్ల ఎత్తున పీడనం 12 హెక్టోపాస్కళ్ళే. లోపలి వాయువు అక్కడికి చేరేసరికి యాభై రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది. ఆ పరికరాలు పారాచూట్లతో తెలంగాణ పల్లెల పొలాల్లో దిగుతుంటాయి. ముట్టుకోవద్దని పేపర్లలో ప్రకటనలు వస్తుంటాయి. ఆ ప్రకటన ఒకటి పాఠంలో అచ్చు వేయండి చాలు.

ఆరో తరగతికి ఇంత ఎందుకు, మాస్టారికి టైమెక్కడిది, పరీక్షకు ఏం ఇస్తాం అని మీరు అడగవచ్చు. మొదటిదానికి నా జవాబు, పిల్లలకు కష్టమనిపించేది అంకె కాదు, అంకె లేని వాక్యం. "పీడనం కలిగిస్తుంది" అన్నది పట్టుకోవడానికి చేతికేమీ దొరకదు. రెండోది నిజమైన ఇబ్బందే. ఒక్కడే మాస్టారు మూడు తరగతులు చూసుకునే బడులున్నాయి. అందుకే పది ప్రయోగాలు అడగడం లేదు. ఇప్పుడున్న వాటిలో సగం తీసేయండి. గాలి ఉందని చూపడానికి చెట్ల ఆకులు కదలడం, జెండా ఎగరడం ఎవరికీ అక్కర్లేదు. గాలి ఉందని ఐదేళ్ళ పిల్లకే తెలుసు. పరీక్ష మాటకొస్తే, "గాలి ధర్మములను వ్రాయుము" తీసేసి, కాటా మీద రెండు అంకెలు, ఖాళీ అయిన సీసాల లెక్క ఇచ్చి లీటరు గాలి ఎంత బరువో కట్టమనండి. నాలుగు మార్కులు దానికివ్వండి. హైదరాబాద్ ప్రశ్నకు ఎవరైనా సగం జవాబు రాసినా పూర్తి మార్కులివ్వండి.

ఇవన్నీ ఒక్క పాఠంలో పట్టవని తెలుసు. ఒక్కదానికే చోటుంటే ఫుట్‌బాల్ పెట్టండి. బంతి చాలా బడుల్లో ఎలాగూ ఉంటుంది, కాటా కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. బొమ్మ వేసేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త తీసుకోమని మీ చిత్రకారుడికి చెప్పండి. బంతిని వేయండి, పంపు వేయండి, గిన్నె వేయండి, కాటా వేయండి. కాటా మీద అంకె మాత్రం వేయొద్దు.

ఇట్లు,
సైన్సు పాఠాలు చదివే ఒక పాఠకుడు